బరంపురంలో ఎనిమిది ఆదివారాల సంగీత శ్రవణ తరగతి: కొత్త శ్రోతకు ఎంతవరకు ఉపయోగం?

శాస్త్రీయ సంగీతం వినాలన్న కోరిక ఉన్నా ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఏళ్ల తరబడి ఊరుకున్నవారిలో నేనూ ఒకడిని. ఒడిశాలోని మా బరంపురంలో తెలుగు ఇళ్లకు కొదవ లేదు గాని, కర్ణాటక సంగీత కచేరీ తృప్తిగా వినాలంటే నేను రైలెక్కి విజయనగరమో విశాఖపట్నమో వెళ్లవలసి వచ్చేది. అందువల్ల విశ్రాంత సంగీతోపాధ్యాయిని ఒకరు తమ ఇంటి ముందుగదిలో, పాడడం కాక కేవలం వినడం నేర్పుతారని తెలిసినప్పుడు, ఎనిమిది ఆదివారాలకు 1,200 రూపాయలు కట్టి చేరాను.

పరిచయ గ్రంథం ఏది తెరిచినా మొదట డెబ్బై రెండు మేళకర్తల, అంటే మూల రాగాల, పట్టిక ఎదురై కొత్తవాడిని బెదరగొడుతుంది. ఈవిడ ఆ పట్టిక జోలికి పోకుండా, మోహన రాగంలోని త్యాగరాజ కృతి ‘నను పాలింప నడచి వచ్చితివో’తో ప్రారంభించారు. తనను కాపాడడానికి దైవం నడిచి వచ్చిందా అని భక్తుడు ఆశ్చర్యపోతున్నాడని తెలుగు మాట్లాడే ఎవరికైనా ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది గనుక, మన చెవి అప్పటికే సగం దారి నడిచి ఉంటుందని ఆవిడ వాదన. ఆ మాట నిజమేనని నాకు రెండో ఆదివారానికి తెలిసింది. పల్లవిలోని ఒకే పంక్తిని గాయకుడు మళ్లీ మళ్లీ ఎందుకు పాడుతున్నాడని ఇన్నాళ్లూ విసుక్కున్న నేను, అవి సంగతులని, ప్రతి ఆవృత్తిలోనూ ఆ పంక్తి ఏదో ఒక మాట దగ్గర కొత్త మలుపు తీసుకుంటుందని గ్రహించాను. ఆవిడ మాతో సంగతులను వేళ్ల మీద లెక్కపెట్టించారు. తరువాత అదే కృతిని వేరొకరి గళంలో వినిపించి, లెక్క ఎక్కడ మారిందో అడిగారు. ఈ ఒక్క కృతికే మూడు ఆదివారాలు కేటాయించడం కొందరికి అతిగా తోచింది గాని, నా దృష్టిలో తరగతికి ప్రాణం అదే.

నాలుగో వారం నుంచి ముత్తుస్వామి దీక్షితుల కృతి ‘వాతాపి గణపతిం’ వినిపించారు. సాహిత్యం సంస్కృతం కావడంతో మాటల ఆసరా తగ్గి, రాగాన్ని రాగంగా పట్టుకోవలసిన అవసరం ఏర్పడింది. మోహనలో స రి గ ప ద స్వరాలు ఉంటే, ఈ కృతి రాగమైన హంసధ్వనిలో ధైవతం (ద) పోయి ఆ చోట కాకలి నిషాదం (పై స్థాయి ‘ని’) వస్తుంది. తేడా ఆ ఒక్క స్వరమే అయినా, మోహన ప్రశాంతంగాను, హంసధ్వని ఏదో శుభకార్యం మొదలవుతున్నట్టుగాను నాకు వినిపించాయి. అప్పటికప్పుడు అల్లి పాడే కల్పనస్వరాల భాగంలో గాయకుడే స్వరాల పేర్లు పలుకుతాడు గనుక, అక్కడ ‘ద’ వినబడిందా ‘ని’ వినబడిందా అని గమనించడం అన్నిటికంటె సులువైన పరీక్ష. పక్కన కూర్చున్న ఒక ఒడియా పెద్దమనిషి, తెలుగు రాకపోయినా, ఈ పరీక్షలో మా అందరికంటె ముందుండేవారు.

లోపాలు లేకపోలేదు. తాళానికి ఒక్క ఆదివారమే మిగిలింది. ఆదితాళపు ఎనిమిది అక్షరాలను ఒక దెబ్బ, మూడు వేళ్లు, ఆపైన దెబ్బ వేసి చేయి తిప్పడం రెండుసార్లు అని చూపించి వదిలివేశారు. కచేరీలో మృదంగం వంటి తాళవాద్యాలు మాత్రమే మోగే తని ఆవర్తనాన్ని దాదాపు ముట్టుకోలేదు. మృదంగం మోగుతుండగా లేచి కాఫీకి వెళ్లే శ్రోతల అలవాటు ఇలాంటి అశ్రద్ధ వల్లనే పుడుతుందేమో. సాహిత్యపు కాగితాలు తెలుగు లిపిలో మాత్రమే ఇవ్వడం మరొక లోపం. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో ఒడియా మాత్రమే చదువుకున్న మా పిల్లల తరానికి ఆ కాగితం నిష్ప్రయోజనం. నాతో వచ్చిన మా అమ్మాయి పక్కన ఒడియాలో రాసుకొని నెట్టుకువచ్చింది.

మధ్యలో ఆవిడ చెప్పిన కబుర్లు మాత్రం రుసుములో లేని లాభం. మా బరంపురం ఉన్న గంజాం జిల్లా మద్రాసు నుంచి విడిపోయి ఒడిశాలో చేరిన 1936లోనే, విజయనగరం సంగీత కళాశాలకు ద్వారం వెంకటస్వామినాయుడు అధ్యక్షులయ్యారట. సరిహద్దు గీసిన ఏడాదినే ఆ వయొలిన్ విద్వాంసుడి పేరుతో గుర్తుపెట్టుకోవడం నాకు బాగా నచ్చింది.

రాగాల పేర్లు గబగబా చెప్పగలగాలని వచ్చేవారికి ఈ తరగతి నిరాశ కలిగిస్తుంది, ఎందుకంటే ఎనిమిది వారాల తరువాత నేను నమ్మకంగా గుర్తుపట్టగలిగినవి రెండే రాగాలు. తదుపరి విడత విజయదశమి తరువాత మొదలవుతుంది. చేరదలచినవారు పది నిమిషాలు ముందుగా వెళ్లి స్పీకరు దగ్గర చాప చూసుకోవడం మంచిది. వెనుక వరుసలో పంకా చప్పుడుకు తంబుర శ్రుతి వినబడదు.