రెండు కొత్త దేశాలు, రెండు కెమెరాలు

తూర్పు తిమోర్, దక్షిణ సూడాన్ ఈ శతాబ్దంలో పుట్టిన దేశాలు. అవి పుట్టకముందే విదేశీ కెమెరాలు వాటికో ముఖం తగిలించేశాయి.

తూర్పు తిమోర్ అప్పుడు ఇండోనేషియా ఆక్రమణలో ఉంది. 1991 నవంబర్ 12న రాజధాని దిలీలోని శాంతాక్రూజ్ శ్మశానంలో ఇండోనేషియా సైనికులు స్వాతంత్ర్యం కోరుతున్న ఊరేగింపు మీద కాల్పులు జరిపారు. బ్రిటిష్ జర్నలిస్టు మాక్స్ స్టాల్ అదంతా వీడియో తీసి, టేపుల్ని అక్కడే ఒక సమాధిలో దాచాడు. తర్వాత అవి దేశం దాటాయి. అందులో తూటాలతోపాటు బ్యానర్లు పట్టుకున్న కుర్రాళ్లూ ఉన్నారు. వీళ్లు ఏదో అడుగుతున్నారని చూసినవాళ్లకు అర్థమైంది. 1996లో తిమోర్ నాయకులు బిషప్ బెలో, రామోస్ హోర్తాలకు నోబెల్ శాంతి బహుమతి, 1999లో స్వాతంత్ర్యంపై ప్రజాభిప్రాయ సేకరణ, 2002లో స్వాతంత్ర్యం. అంతా వీడియో చలవే అనను గానీ, లోకం చూపు మారిందక్కడే.

దక్షిణ సూడాన్‌కు దక్కింది, అది ఇంకా సూడాన్‌లో భాగంగా ఉన్న 1993లో, అక్కడి అయోద్ అనే ఊళ్లో దక్షిణాఫ్రికా ఫొటోగ్రాఫర్ కెవిన్ కార్టర్ తీసిన ఫొటో: నేలకొరిగిన పసిబిడ్డ, వెనక రాబందు. దానికి పత్రికా రంగంలో ఇచ్చే పులిట్జర్ బహుమతి వచ్చింది. ఆ ఫ్రేములో ఆకలి ఉంది, ఆకలిని తెచ్చిన యుద్ధం లేదు. 2011లో రాజధాని జూబాలో స్వాతంత్ర్య సంబరాలు కొన్నాళ్లు కనిపించాయి. 2013 డిసెంబర్లో అంతర్యుద్ధం మొదలవగానే మళ్లీ ఆ పాత ముఖమే.

ఈ రెండు కెమెరాల్లో నా ఓటు స్టాల్ వీడియోకే. జాలి కన్నా గుర్తింపు ఎక్కువ కాలం నిలుస్తుంది. పైగా స్టాల్ వచ్చి వెళ్లిపోయే రకం కాదు. దిలీలోనే దృశ్యాల భాండాగారం పెట్టాడు, 2019లో ఆ దేశ పౌరసత్వమూ అందుకున్నాడు.