కరెంటు బిల్లుల ఫిర్యాదు వేదిక: మా 612 యూనిట్లు, అమ్మ బిల్లుల తీగ

మా వంటింటి గోడకు ఒక ఇనుప తీగ వేలాడుతూ ఉంటుంది. కరెంటు బిల్లు వచ్చిన ప్రతిసారీ అమ్మ ఆ స్లిప్పును దానికి గుచ్చుతుంది. ఆ కాగితం మీది అచ్చు నాలుగైదు నెలల్లో వెలిసిపోతుందని, గుచ్చే ముందు వెనక వైపు తారీఖు, మీటరులో తను చూసిన అంకె బాల్‌పెన్నుతో రాస్తుంది. అమ్మ చదివింది ఐదో తరగతి. ఈ రివ్యూ కరెంటోళ్ల ఫిర్యాదుల వేదిక గురించే అయినా తీగతో ఎందుకు మొదలుపెట్టానో ముందుకెళ్తే తెలుస్తుంది.

మాది తెలంగాణలో ఒక చిన్న పట్టణం. రెండు గదుల ఇల్లు, నేనూ అమ్మా. నెలకు 200 యూనిట్ల లోపే వాడతాం కాబట్టి ప్రభుత్వ ఉచిత కరెంటు పథకం గృహజ్యోతి కింద 2024 మార్చి నుంచి జీరో బిల్లు వస్తోంది. 2025 మే నెలలో మాత్రం 612 యూనిట్లు అని బిల్లు వచ్చింది. యూనిట్ చార్జీలే 4,704 రూపాయలు. మిగతా చార్జీలు, పన్ను కలిపితే ఐదు వేలకు కాస్త తక్కువ. ఇంట్లో ఏసీ లేదు. ఒక కూలర్, ఒక ఫ్రిజ్, రెండు ఫ్యాన్లు.

స్లిప్పు పట్టుకుని కరెంటు సెక్షన్ ఆఫీసుకు వెళ్లాను. అక్కడి సార్ కంప్యూటర్లో చూసి, "రీడింగ్ కరెక్టే. మీరు వాడిందే కదా, కట్టేయండి" అన్నారు. ఇంటికొచ్చి మీటరు చూస్తే నిజంగానే బిల్లులో ఉన్నట్టే 7122 ఉంది. ఇక చేసేదేముంది, అప్పు చేసైనా కట్టాలి అనుకున్నాను. అప్పుడు అమ్మ తీగ తీసుకొచ్చి నా ముందు పెట్టింది.

జనవరి నుంచి ఏప్రిల్ దాకా నాలుగు స్లిప్పుల మీదా అచ్చయిన వాడకం 25 యూనిట్లు. నాలుగు నెలలూ అదే 25. మా మీటరు మెట్ల కింద గ్రిల్ లోపల ఉంటుంది. పాత మీటరు, మిషన్‌తో స్కాన్ అవ్వదు, చూసి చేత్తో కొట్టాలి. బిల్లు కొట్టే అబ్బాయి గేటు దగ్గరే నిలబడి ఏదో అంకె కొట్టి స్లిప్పు చేతిలో పెట్టి వెళ్లాడన్నమాట. డిసెంబరు చివర రీడింగ్ 6410. జనవరి నుంచి మే దాకా అమ్మ వెనక రాసుకున్న అంకెలు వరుసగా 6520, 6638, 6780, 6945, 7122. అంటే మా అసలు వాడకం 110, 118, 142, 165, 177. ఏ నెలా 200 దాటలేదు. నాలుగు నెలల పాటు తక్కువ చూపించి, మిగిలిందంతా మే నెల నెత్తిన పడేశారు. అమ్మ ఫిబ్రవరిలోనే నాతో అంది, అంకె తేడాగా ఉందిరా అని. జీరో బిల్లే కదా, ఎంత వేస్తే మనకేంటి అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

ఇందులో మెలిక ఎక్కడుందో కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇది చాలా ఇళ్లకు జరుగుతుంది. 2025 రేట్ల ప్రకారం ఇంటి కనెక్షన్‌లో నెలకు 100 దాటి 200 యూనిట్ల లోపు వాడితే మొదటి 100కు యూనిట్‌కు 3.40, ఆ పైన 4.80 రూపాయలు. ఒక్క యూనిట్ 200 దాటినా మొత్తం కేటగిరీయే మారిపోతుంది. మొదటి యూనిట్ నుంచే 200 వరకు 5.10, 300 వరకు 7.70, 400 వరకు 9, 800 వరకు 9.50. జీరో బిల్లు పథకమే లేదనుకున్నా, మా ఐదు నెలల 712 యూనిట్లకూ ఏ నెలకు ఆ నెల లెక్కగడితే యూనిట్ చార్జీ 2,718 లోపే. అందులో 612 యూనిట్లు ఒకే నెలలో వేసేసరికి 4,704 అయింది. పైగా జీరో బిల్లూ పోయింది. యూనిట్లు మేం వాడినవే, కాదనను. ఏ నెలలో వాడామన్నదే గొడవ.

కరెంటు హెల్ప్‌లైన్ 1912కి ఫోన్ చేశాను. ఫిర్యాదు నంబరు ఇచ్చారు. మూడో రోజు 'మీ ఫిర్యాదు పరిష్కరించబడింది' అని మెసేజ్ వచ్చింది. బిల్లు మాత్రం అలాగే ఉంది.

ఆ తర్వాతే ఈ వేదిక సంగతి తెలిసింది. ప్రతి డిస్కం, అంటే కరెంటు పంపిణీ సంస్థ, తప్పనిసరిగా ఇలాంటి వేదిక పెట్టాలని 2003 విద్యుత్ చట్టం 42వ సెక్షన్ చెబుతుంది. అందరూ సీజీఆర్‌ఎఫ్ (వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక) అంటారు. ఫీజు లేదు. లాయరు అక్కర్లేదు. మన పేరు, సర్వీసు నంబరు, జరిగింది ఏమిటి, మనం అడిగేది ఏమిటి, ఇంతే ఫారం. నేను ఒకటిన్నర పేజీ తెలుగులోనే రాసి, స్లిప్పులకు రెండు వైపులా జిరాక్స్ తీసి జతపెట్టి, రిజిస్టర్ పోస్టులో పంపాను. వారంలో ఫిర్యాదు నంబరు వేసిన కాగితం వచ్చింది. ఒక సంగతి గుర్తుంచుకోండి. కరెంటు చౌర్యం, అనుమతి లేని వాడకం కింద పెట్టిన కేసులను ఈ వేదిక తీసుకోదు. వాటి దారి వేరు.

ఈ మధ్యలో లైన్‌మన్ కట్ చేయడానికి వచ్చాడు. నిచ్చెన పోలుకు ఆనించాడు కూడా. అమ్మకు బీపీ, ఆ పూట మా ఇంట్లో టెన్షన్ ఎంతో చెప్పలేను. అదే చట్టంలో 56వ సెక్షన్ ప్రింటు తీసి దగ్గర పెట్టుకున్నాను కాబట్టి సరిపోయింది. బకాయికి కరెంటు తీయాలంటే 15 రోజుల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. బిల్లు మీద వివాదం ఉంటే, అడిగిన మొత్తమో, గత ఆరు నెలల సగటు చార్జీయో, ఏది తక్కువైతే అది అభ్యంతరంతో కడుతున్నానని రాసిచ్చి కట్టొచ్చు. అప్పుడు వివాదం తేలేదాకా కట్ చేయకూడదు. అతను కాగితం చదివి, ఫోన్‌లో మాట్లాడి, నిచ్చెన దించుకుని వెళ్లాడు. మర్నాడే నేను బిల్లింగ్ ఆఫీసులో పార్ట్ పేమెంట్‌కు పర్మిషన్ అడిగి, సగటు లెక్కన కట్టి, ఉత్తరం మీద ముద్ర వేయించుకున్నాను. ఆ ముద్ర లేకుండా మాత్రం వెనక్కి రాకండి.

విచారణకు జిల్లా కేంద్రం దాకా వెళ్లనక్కర్లేకుండా మా పట్టణంలోనే క్యాంపు పెట్టారు. నాకు బాగా నచ్చింది ఇదే. కోర్టులా బోనులూ నల్లకోట్లూ ఉండవు. పొడవాటి బల్లకు అటు వేదిక సభ్యులు, ఇటు మనం, పక్కన మనం ఫిర్యాదు చేసిన ఆఫీసు వాళ్లు. డిపార్ట్‌మెంటు తరఫున వచ్చిన సార్ మళ్లీ అదే మాట చెప్పారు, రీడింగ్ సరైనదే అని. చైర్‌పర్సన్ గారు నన్ను ఆధారం అడిగారు. అమ్మ సంచిలోంచి తీగ తీసి బల్ల మీద పెట్టింది. జిరాక్స్ ఇచ్చాం కదా, ఒరిజినల్ ఎందుకమ్మా అని నేను ఇంటి దగ్గర వారించినా వినకుండా తెచ్చింది. ఆయన ఒక్కో స్లిప్పూ తిప్పి చూశారు. ముందు వైపు జనవరి స్లిప్పు దాదాపు తెల్లగా అయిపోయింది. వెనక నీలం ఇంకు అంకె స్పష్టంగా ఉంది.

"ఇవి ఎవరు రాశారమ్మా?"

"నేనే రాసుకున్న సార్, నెలనెలా. అచ్చు పోతదని."

ఆయన డిపార్ట్‌మెంటు సార్ వైపు తిరిగి, నాలుగు నెలలు ఒకే వాడకం వస్తే మీ దగ్గర ఎవరూ చూడలేదా అని అడిగారు. దానికి జవాబు రాలేదు. అమ్మను మధ్యలో ఎవరూ ఆపలేదు, ఆమె చెప్పింది మొత్తం విన్నారు. నేను ఎన్నో ఆఫీసులు తిరిగాను. అలా వినడం అరుదు.

ఫిర్యాదు ఇచ్చిన 38వ రోజున ఆర్డర్ వచ్చింది. 45 రోజుల్లో తేల్చాలని కేంద్రం 2020లో తెచ్చిన వినియోగదారుల హక్కుల నిబంధనల్లో ఉంది, ఆ గడువులోపే అయింది. 712 యూనిట్లను ఐదు నెలలకు విడగొట్టి బిల్లు మళ్లీ వేయాలని, కట్టిన డబ్బు సర్దుబాటు చేయాలని రాశారు. ఆగస్టు బిల్లులో సర్దుబాటయింది.

ఇన్ని మంచి మాటలు చెప్పాక కూడా ఐదుకు మూడున్నరే ఇస్తున్నాను. ఆర్డర్ ఆరు పేజీలు, అంతా ఇంగ్లిషు. మా ఫిర్యాదు తెలుగు, విచారణ తెలుగు, ఫలితం మాత్రం అమ్మ చదువుకోలేని భాషలో. ఇంకోటి, ఇలాంటి వేదికను పెట్టేది డిస్కమే, జీతాలూ చోటూ దానివే. ఇండిపెండెంట్ మెంబరును రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి నియమిస్తుంది, తీర్పు నచ్చకపోతే పై మెట్టు అయిన విద్యుత్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు, నిజమే. కానీ మొదటి మెట్టు మీద కూర్చున్నవాళ్లు ఎవరి నీడలో కూర్చున్నారన్నది మామూలు మనిషి మనసులో మెదులుతుంది. మాకు న్యాయమే జరిగింది. అందరూ మాలా తీగ పట్టుకుని రారు.

అన్నిటికంటే నన్ను బాధపెట్టింది వేరే. ఆర్డర్ మా ఒక్క సర్వీసు నంబరుకే. మా సందులో అదే అబ్బాయి, అదే నాలుగు నెలలు ఇంకో నాలుగిళ్లకు 25 కొట్టాడు. మే నెలలో వాళ్లకూ వేలల్లో వచ్చింది. వాళ్లు గమ్మున కట్టేశారు. ఒక ఫిర్యాదులో ఇంత స్పష్టంగా తప్పు తేలినప్పుడు, ఆ రూటు మొత్తం తిరగేసి చూడమని చెప్పే పని ఎవరిదో ఒకరిది కావాలి కదా? ఇప్పుడైతే ఎవరి బిల్లుకు వాళ్లే ఏడవాలి.

నిన్న ఇద్దరికి ఫారాలు రాసిచ్చాను. మూడో ఇంటి పెద్దమ్మ దగ్గర స్లిప్పులు ఒక్కటీ లేవు. డిస్కం సైట్‌లో ఆమె సర్వీసు నంబరు కొట్టి పాత బిల్లులు తీస్తున్నాను. నిరుడు ఇవే నెలల్లో ఎంత వాడిందో పక్కన పెడితే నాలుగు 25లు వాటంతట అవే బయటపడతాయి. నాలుగో ఇంటాయన, కట్టేసిన డబ్బు మళ్లీ వస్తుందా బాబూ అని అడుగుతున్నాడు. మాకు సర్దుబాటయిన ఆగస్టు బిల్లు జిరాక్స్ ఆయన చేతికిచ్చాను.