ఎర్ర గీతల్ని నమ్మి 3 ఏళ్ళు: మిర్రర్‌లెస్ మీద పాత 58 ఎంఎం లెన్సు

ఫోకస్ పీకింగ్ అంటే నాకు పిచ్చి ఇష్టం ఉండేది. మాన్యువల్ లెన్సు తిప్పుతుంటే ఫోకస్‌లోకి వచ్చిన అంచులన్నీ వ్యూఫైండర్‌లో ఎర్రగా వెలుగుతాయి కదా, అది మొదటిసారి చూసిన రోజు ఇంట్లో అందర్నీ పిలిచి చూపించేను. మా తోడల్లుడు, ఆఫీసులో ఇంకో కుర్రాడు నా మాట మీదే పాత లెన్సులు కొనుక్కున్నారు. 4 ఏళ్ళు వాడేక ఇప్పుడు ఇది రాస్తున్నది మాత్రం ఆ ఎర్ర గీతల మీద కోపంతోనే. లెన్సు మీద కాదు, లెన్సు బంగారం.

కెమెరా ఏదన్నది వదిలేద్దాం, లోపల అద్దం లేని చిన్న ఏపీఎస్‌సీ బాడీ, అంటే సెన్సర్ ఫిల్ము ఫ్రేము కన్నా చిన్నది. లెన్సు హీలియోస్ 44-2, 58 ఎంఎం ఎఫ్ 2, సోవియట్ కాలం సరుకు, కెమెరాకి మరలా తిప్పి బిగించే ఎం42 మౌంటు. సెకండ్ హ్యాండ్‌లో 4,500 పడింది, దాన్ని నా బాడీకి తగిలించే అడాప్టర్ ఇంకో 900. చిన్న సెన్సర్ వల్ల వచ్చే క్రాప్ (1.5 రెట్లు) లెక్కేస్తే 87 ఎంఎం లాగ పనిచేస్తుంది, మొహాలకీ చేతులకీ చక్కగా సరిపోతుంది గానీ ఇంట్లో నలుగుర్ని కూర్చోబెట్టి తియ్యాలంటే గోడకి నడుం ఆనించినా చోటు చాలదు. దీనికి అపర్చర్, అంటే వెలుతురు వచ్చే కన్నం, మార్చే రింగులు రెండు; ఎఫ్ అంకె పెరిగేకొద్దీ కన్నం చిన్నదవుతుంది. ఒకదాని మీద ఎఫ్ 4 అని ముందే పెట్టుకుంటే రెండోది క్లిక్కుల్లేకుండా మెత్తగా తిరుగుతుంది, పూర్తిగా తెరిచి ఫోకస్ చేసుకుని, వ్యూఫైండర్ నుంచి కన్ను తియ్యకుండానే వేలితో ఎఫ్ 4 దాకా మూసెయ్యొచ్చు. ఇంత హాయైన పద్ధతి కొత్త లెన్సుల్లో నాకు కనబడలేదు.

ఇంక పొందూరు సంగతి. అక్కడ పత్తి ఏకి నూలు వడికే ఒక మామ్మ దగ్గరకి ఆదివారాలు వెళ్తుంటాను. పొందూరు ఖద్దరులో 100 కౌంటు (అంకె పెరిగేకొద్దీ సన్నం) నూలు దాకా చేత్తోనే తీస్తారు, దానికి పత్తిని ముందు వాలుగ చేప దవడతో దువ్వాలి. వేళ్ళ మధ్య ఇమిడిపోయే చిన్న ఎముక ముక్క అది, దాని మీద సూదిమొనల్లాంటి పళ్ళు కిక్కిరిసి ఉంటాయి. గింజ తియ్యని పత్తిని దాని మీద మెల్లగా లాగుతుంటే చెత్త అంతా రాలిపోయి పీచు తిన్నగా సాగుతుంది, గింజ చుట్టూ తెల్లటి జుట్టు దువ్వినట్టు. నాకు కావలసిన ఫొటో అదే, ఆ పళ్ళు, వాటిల్లోంచి జారుతున్న పీచు, వెనక మామ్మ మొహం మసగ్గా.

కూర్చున్నాను, ఎఫ్ 2 పెట్టేను, 60 సెంటీమీటర్ల దూరం. తిప్పితే ఎర్ర గీతలు జిగేల్మన్నాయి, మామ్మ వేళ్ళ ముడతలు, గాజు, గోరు, దవడ, అన్నీ ఎర్రగానే ఉన్నాయి, ఇంకేం కావాలి అనుకుని 60 దాకా కొట్టేను. ఇంటికొచ్చి కంప్యూటర్‌లో వేస్తే ఒక్కదాంట్లో కూడా పళ్ళు షార్ప్‌గా లేవు. గాజు షార్ప్, గోరు షార్ప్, కొన్నిట్లో రాట్నం కర్ర షార్ప్. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు, ఎందుకంటే ఆవిడ నా కోసం గంటన్నర పని నెమ్మదిగా చేసింది, ఆవిడకి అది కూలి పోయే టైము.

తర్వాత కూర్చుని లెక్క కట్టేను. ఆ దూరంలో 58 ఎంఎం ఎఫ్ 2 కి షార్ప్‌గా వచ్చే మందం 7, 8 మిల్లీమీటర్లే. పీకింగేమో సెన్సర్ తీసే పూర్తి బొమ్మని చూడదు, వ్యూఫైండర్‌కి పంపే చిన్న బొమ్మలో తేడా గట్టిగా ఉన్న అంచు ఎక్కడుందో వెతికి దానికి రంగు పూస్తుంది. చిన్న బొమ్మలో కొంచెం మసకగా ఉన్నది కూడా షార్ప్‌గానే కనిపిస్తుంది, అందుకే ఎర్రదనం ఆ 8 మిల్లీమీటర్లు దాటి అటూ ఇటూ పాకిపోతుంది. తెల్ల పీచు తెల్ల ఎముక మీద ఉంటే అంచే లేదు, దానికి దొరికింది గాజు, గోరు. అంటే ఎర్ర గీత చెప్పేది ఇక్కడ కాంట్రాస్ట్ ఉంది అని, ఫోకస్ ఉంది అని కాదు. 3 ఏళ్ళు నేను రెండూ ఒకటే అనుకున్నాను, ఇంకో ఇద్దరికి అలాగే నేర్పేను, అదీ నా బాధ.

రెండు వారాల తర్వాత మళ్ళీ వెళ్ళేను. పీకింగ్ లెవెల్ 'హై' నుంచి 'లో' కి దించేను, వ్యూఫైండర్‌లో బొమ్మని పెద్దది చేసి చూపే మాగ్నిఫయర్‌ని బొటనవేలి బటన్‌కి పెట్టుకున్నాను. అయినా పెద్దది చేసి చూస్తే తెల్లగా కలిసిపోయి కనిపిస్తోంది. నేను అవస్థ పడుతుంటే మామ్మ చూసి, "తెల్ల మీద తెల్ల మాకే అగుపడదు బాబూ, నీ డబ్బాకేటి అగుపడతాది" అని లేచి, పీట గుమ్మం వైపు జరుపుకుని, ఒళ్ళో ఒక నల్లగుడ్డ పరుచుకుంది. "ఎండ పక్కనించి పడాల, కింద నలుపుండాల, అప్పుడే పోగు తెగిందో నేదో తెలుస్తాది." అంతే, వ్యూఫైండర్‌లో ఒక్కో పీచూ విడివిడిగా వెలిగింది. ఎన్ని వీడియోలు చూసినా ఈ ముక్క నాకు ఎవరూ చెప్పలేదు, నేనెంతసేపూ లెన్సు వైపే చూసేను గానీ వెలుతురు వైపు చూడలేదు.

మిగతాది ఒంటితో చేసేను. పెద్దది చేసిన బొమ్మలో పళ్ళ మీద ఒకసారి ఫోకస్ పెట్టి, ఎఫ్ 4 దాకా మూసి, ఇంక రింగు ముట్టుకోలేదు. ఆవిడ చెయ్యి ముందుకీ వెనక్కీ ఆడుతుంటుంది కదా, నేనే నడుం దగ్గర్నుంచి ఒక వేలు మందం అటూ ఇటూ ఊగుతూ పళ్ళు కరెక్టుగా తేలినప్పుడు మూడు నాలుగు ఫ్రేములు కొట్టేను. దగ్గర్నుంచి తీసేటప్పుడు రింగు తిప్పడం కన్నా ఇదే నయం. 40 లో 11 వచ్చేయి, ఒకటి గోడకి ఎక్కింది.

ఇంకో మాట, లెన్సు బంగారం అన్నాను గానీ అడాప్టర్ గురించి అలా అనలేను. పాత ఎం42 కెమెరాల్లో మౌంటు నుంచి ఫిల్ముకి 45.46 మిల్లీమీటర్లు, నా బాడీలో మౌంటు నుంచి సెన్సర్‌కి 18, మధ్యలో తేడాని అడాప్టర్ పూరించాలి. దూరం అసలే అందకుండా పోతుందేమో అని చాలామంది దాన్ని కాస్త పల్చగానే చేస్తారు. దాంతో రింగుని చివరికంటా తిప్పితే అనంతం దాటిపోతుంది. ఈ సంగతి తెలీక తేలినీలాపురంలో చెట్ల నిండా గూడబాతులు ఉన్న పొద్దున్న రింగు చివర్న పెట్టి తీసినవన్నీ మెత్తగా పోయేయి. లెన్సు మీది దూరం అంకెల్ని కూడా అందుకే పూర్తిగా నమ్మను, ఎంత దూరం దాకా షార్ప్‌గా వస్తుందో చెప్పే డెప్త్ గీతల్ని అసలే నమ్మను, అవి ఫిల్ము సైజుకి గీసినవి, మన చిన్న సెన్సర్‌కి ఒక స్టాప్ (మెట్టు) తగ్గించి, ఎఫ్ 8 పెడితే ఎఫ్ 5.6 గీతలే చూసుకోవాలి.

విజయనగరం సిరిమాను జాతరకి అయితే దీన్ని తీసుకెళ్ళడం మానేసేను. మూడు లాంతర్ల కూడలి దగ్గర ఆ జనంలో అరటిపళ్ళు గాల్లో ఎగురుతుంటే ఏ మాగ్నిఫయర్ చూస్తాం? అక్కడికి చిన్న 35 ఎంఎం ఆటోఫోకస్ లెన్సు. అదీ ఆటోలో వదిలితే ఎత్తిన చేతుల మీదకి పోతోందని, ముందే 8 మీటర్ల దూరంలో దేనిమీదో ఫోకస్ చేసి మాన్యువల్‌కి మార్చేస్తాను, ఎఫ్ 8 పెడితే సుమారు 4 మీటర్ల నుంచి కనుచూపు మేర దాకా సరిపోతుంది. మధ్యలో కెమెరా నిద్రపోయి లేస్తే కొన్ని లెన్సులు ఆ చోటు మర్చిపోతాయి, అది చూసుకోవాలి.

కొనమంటారా అని అడిగితే, నాకు 46, చత్వారం వచ్చింది, వ్యూఫైండర్ పక్కనున్న చిన్న చక్రం నా కంటికి సరిచేసుకోకపోతే మాగ్నిఫయర్ కూడా మసకే. నాకున్నవి ఆదివారాలు, నేను తీసేది ఒకచోట కూర్చుని పనిచేసే మనుషుల్ని. ఇంట్లో పరిగెత్తే పిల్లలుంటే, ఒక్క లెన్సుకే డబ్బులుంటే, ఆటోఫోకస్ 35 కొనుక్కోండి. రెండోది కొనే వీలుంటే ఈ హీలియోస్, కొనేముందు టార్చి వేసి లోపల ఫంగస్ చూసుకోవాలి, మన సముద్రపు గాలికి తొందరగా పడుతుంది, నేను స్టీలు డబ్బాలో సిలికా జెల్ వేసి దాస్తున్నాను. మా తోడల్లుడికి ఫోన్ చేసి పీకింగ్ 'లో' మీద పెట్టుకోమని చెప్పేను. ఆఫీసు కుర్రాడు ఈలోపే లెన్సు అమ్మేసేడట.