అమ్మ నడకకు బీచ్ రోడ్డా, వీధి చివరి పార్కా?

విశాఖలో మా స్నేహితుల్లో సగం మంది ఇళ్లలో ఇప్పుడు డెబ్భై దాటిన అమ్మో, మామగారో ఉన్నారు. "పొద్దున్నే ఎక్కడికి తీసుకెళ్తే మంచిది, బీచ్‌కా, పార్కుకా?" అని ఈ ఏడాది నన్ను చాలామంది అడిగారు. నాన్న పోయాక అమ్మని శ్రీకాకుళం పక్క పల్లె నుంచి ఎం.వి.పి. కాలనీకి, మా దగ్గరికి తెచ్చుకుని ఏడాదిన్నర అయింది. ఆమెకి 74 ఏళ్లు. షుగరుంది, కుడి మోకాలు నొప్పి ఉంది, ఒక కంటికి శుక్లం ఆపరేషన్ అయింది. రెండు చోట్లా నడిపించి చూశాం కాబట్టి చూసింది చూసినట్టు రాస్తున్నాను. నడక మంచిదా కాదా అన్నది అందరికీ తెలిసిందే, అందులోకి వెళ్లను.

మేం బీచ్‌తోనే మొదలుపెట్టాం. ఇంటికి సముద్రం కిలోమీటరున్నర. ఈ ఊళ్లో ఉండి అమ్మకి సముద్రం చూపించకపోతే ఎలా అనిపించింది. పొద్దున కొన్ని గంటలు ఆర్కే బీచ్ రోడ్డు మీద బళ్లు రానివ్వరు. కాళీమాత గుడి, కురుసుర జలాంతర్గామి మ్యూజియం, ఆ దారంతా నడిచేవాళ్లదే. హారన్ మోత ఉండదు, వెనక నుంచి ఎవరైనా గుద్దుతారేమో అన్న భయం ఉండదు. మొదటి రోజు అమ్మ గట్టు మీద కూర్చుని అరగంట సముద్రాన్నే చూసింది. నాన్న పోయాక ఆమె ముఖం అంత తేటగా కనిపించింది ఆ రోజే. ఆ అరగంట విలువ నాకు తెలుసు. అందుకే బీచ్‌ని తక్కువ చేసి మాట్లాడను.

కాని ఇబ్బందులున్నాయి. మనది తూర్పు తీరం, సూర్యుడు సముద్రంలోంచే లేస్తాడు. ఏడు దాటిందంటే ఎండ నేరుగా ముఖానికి కొడుతుంది. నీళ్ల మీది తళతళకి అమ్మ కళ్లు చిట్లించుకుని నడిచేది, ముందు ఏముందో సరిగా కనబడేది కాదు. నీడ కోసం నిలబడదామంటే చెట్టు దొరికేదాకా నడవాలి. ఏప్రిల్, మే నెలల్లో ఉక్కపోత సంగతి చెప్పక్కర్లేదు. గాలిలో తేమ ఎక్కువైతే పట్టిన చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. పైగా వయసు మీద పడ్డవాళ్లకి దాహం త్వరగా తెలియదు. వట్టి కాళ్లతో ఇసుకలో నడిస్తే మంచిదంటారు గాని, పొడి ఇసుక అడుగు అడుగుకీ కుంగుతుంది. మోకాలు నొప్పి, తూలుడు ఉన్నవాళ్లకి అది పనికిరాదు.

ఇక పార్కు. మా వీధి చివర ఉంది, అర ఎకరం మించదు. ఓ పక్క వేపలు, గానుగలు, రెండు బాదం చెట్లు. చుట్టూ నడిచే దారి ఒక చుట్టు తిరిగితే అమ్మ అడుగులు మూడు వందల పైచిలుకు. ఇంటి గేటు నుంచి పార్కు గేటుకి ఆమె నడకలో నాలుగు నిమిషాలు, మధ్యలో దాటాల్సిన పెద్ద రోడ్డు లేదు. చూడ్డానికి ఏమంత గొప్పగా ఉండదు. మొదట్లో అమ్మే పెదవి విరిచింది, "మన పెరడంత లేదు కదే" అని.

నా మటుకు ఈ పోలికలో అన్నిటికంటే ముందు చూడాల్సింది ఒకటే. మనం తోడు వెళ్లకపోయినా వాళ్లంతట వాళ్లు వెళ్లి రాగలరా? ఇది నాకు మా వంటింటి క్యాలెండర్ చెప్పింది. పాల లెక్క రాసే చోటే అమ్మ నడిచిన రోజులకి కూడా గీత పెట్టేదాన్ని. బీచ్‌కి వెళ్లిన మొదటి మూడు నెలల్లో 31 గీతలు. పార్కుకి మారాక మూడు నెలల్లో 78, అందులో చాలా రోజులు పూటకొకసారి. చోటు మారిందంతే, మనిషి అదే, మోకాలు అదే.

బీచ్ అంటే నేను స్కూటర్ తీయాలి. పిల్లల పరీక్షలు, మా ఆయన షిఫ్టులు, నాకు జలుబు, బండి రిపేరు, ఏదో ఒకటి. అమ్మ ఐదింటికే తయారై చెప్పులేసుకుని హాల్లో కూర్చునేది. నేను కళ్లు నులుముకుంటూ వచ్చి "ఈ రోజు కుదరదమ్మా" అంటే "పర్లేదులే" అని చెప్పులు విప్పేసేది. కొన్నాళ్లకి తయారవడమే మానేసింది. ఆ సంగతి నేను వారం దాకా గమనించలేదు. ఇప్పటికీ తలుచుకుంటే మనసుకి కష్టంగా ఉంటుంది. జీవితమంతా తన పని తాను చేసుకున్న మనిషి, బయటికెళ్లడానికి నా టైము కోసం ఎదురుచూడాల్సి వచ్చింది. పార్కు మొదలుపెట్టిన రెండో వారం "నువ్వు రాకపోయినా నేనెళ్తానే" అంది. అప్పుడే నాకు జవాబు దొరికింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 65 దాటినవాళ్లకి కూడా వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ, వారంలో మూడు రోజులైనా తూలకుండా నిలబడే అలవాటునిచ్చే వ్యాయామం ఉండాలంటుంది. ఆదివారం ఒక్కరోజు గంటన్నర నడిపిస్తే ఆ లెక్క తీరదు, మోకాలు మాత్రం వాస్తుంది. రోజూ రెండు పూటలా పావుగంట చొప్పున ఐదు రోజులు నడిస్తే సరిగ్గా సరిపోతుంది. ఆ సంస్థ యూరప్ విభాగం నగరాలకి ఒక కొలత కూడా ఇచ్చింది. ఇంటికి 300 మీటర్లలోపు, అంటే ఐదు నిమిషాల నడకలో, కనీసం అర హెక్టారు పచ్చని చోటు ఉండాలని. అర హెక్టారంటే ఎకరంపావు. మా పార్కు సైజులో తప్పింది గాని దూరంలో నెగ్గింది. రెండిట్లో దూరమే ముఖ్యమని నేనంటాను.

టోక్యోలో చేసిన ఒక పరిశోధన 2002లో వచ్చింది. మూడు వేలకు పైగా వృద్ధుల్ని ఐదేళ్లు గమనించారు. ఇంటి దగ్గర నడవడానికి చోటు, పార్కు, చెట్లున్న వీధులు ఉన్నవాళ్లలో ఐదేళ్ల తర్వాత బతికున్నవాళ్లు ఎక్కువ. వయసు, డబ్బు తేడాలు లెక్కలోకి తీసుకున్నా ఆ తేడా నిలిచింది. చెట్లే బతికించాయని దీన్నిబట్టి తేల్చలేం. ఓపికున్నవాళ్లే అలాంటి చోట ఉండిపోయారేమో. కాని ఆ పరిశోధన కూడా ఇంటి దగ్గరి చోటు గురించే అడిగిందన్నది నాకు పట్టింది.

పార్కులో అనుకోకుండా దొరికింది ఇంకొకటుంది, మనుషులు. బీచ్‌లో వేలమంది నడుస్తారు, ఎవరికెవరూ తెలియరు. పార్కులో రోజూ అవే ఆరేడు ముఖాలు. అమ్మకి ముగ్గురు స్నేహితురాళ్లు కలిశారు, ఒకావిడది మా మండలమే. జ్వరం వచ్చి అమ్మ రెండు రోజులు వెళ్లకపోతే మూడో రోజు సాయంత్రం ఇద్దరు ఇంటికొచ్చి పలకరించారు. పల్లెలో అరుగు మీద కూర్చునే మనిషికి ఫ్లాట్‌లో దొరకనిది ఇదే.

అలాగని ఏ పార్కయినా సరిపోతుందని కాదు. మాది కూడా పదింటికి తాళం వేసి నాలుగింటికి తీస్తారు, చలికాలంలో పదకొండింటి ఎండ కావాల్సినవాళ్లు గేటు బయటే. బెంచీలు మరీ కిందకి ఉంటే మోకాళ్ల నొప్పివాళ్లు లేవలేరు. పక్కన చెయ్యి ఆనించుకునే పట్టు ఉండాలి. చెట్ల వేళ్లు లేపేసిన పలకలు, వానాకాలం నాచు చూసుకోవాలి. ఆక్యుప్రెషర్ అని గులకరాళ్లు పరిచిన దారి మీద షుగరున్నవాళ్లని వట్టి కాళ్లతో నడవనివ్వకండి. పాదాలు మొద్దుబారితే గీరుకున్నా తెలియదు. బాత్‌రూమ్ లేకపోవడం అన్నిటికంటే పెద్ద లోటు. చాలామంది ఆడవాళ్లు ఆ ఒక్క భయంతోనే బయటికి రారు, లేదా నీళ్లు తాగడం మానేసి వస్తారు. చెట్ల సంగతి కూడా చూడాలి. 2014 హుద్‌హుద్ తుఫాను తర్వాత ఊరంతా మళ్లీ పచ్చబడాలని నాటినవాటిలో ఏడాకుల పాల ఎక్కువే. అది పూసే రోజుల్లో ఆ ఘాటు వాసన ఆయాసం ఉన్నవాళ్లకి పడడం లేదన్న ఫిర్యాదులు ప్రతి ఏటా వింటున్నాం. అలాంటివాళ్లు ఆ నెల వేరే దారి చూసుకోవడం మంచిది.

మిగతావి క్లుప్తంగా చెప్తాను. మేడ మీద కుండీలు మంచివే, తులసికి నీళ్లు పోయడం అమ్మకి ఇష్టం, కాని అక్కడ నడక ఉండదు, మనుషులుండరు, లిఫ్ట్ లేకపోతే మెట్లొకటి. కంబాలకొండ అడవి పిల్లలతో కలిసి ఎప్పుడైనా వెళ్లడానికి బాగుంటుంది. పాత జైలు స్థలంలో వచ్చిన సెంట్రల్ పార్కు ఆ చుట్టుపక్కల ఉన్నవాళ్లకి బాగుంటుంది, మాకు దూరం.

బీచ్ ఎవరికి మేలంటే, బీచ్ రోడ్డుకి నడిచి వెళ్లేంత దగ్గర్లో ఉన్నవాళ్లకి, అరవైల్లో ఉండి ఆగకుండా గంట నడవగలిగేవాళ్లకి. వాళ్లకి అర ఎకరం పార్కులో గిరగిరా తిరగడం విసుగు. మేం కూడా ఆదివారాలు అమ్మని బీచ్‌కి తీసుకెళ్తున్నాం, సముద్రం చూడ్డానికి.

ఇల్లు మారుతున్నవాళ్లు అడ్వాన్సు ఇచ్చేముందు ఒక పని చేయండి. ఆ ఇంటి గేటు నుంచి దగ్గరి పార్కు దాకా పెద్దవాళ్లని ముందు నడవనిచ్చి మీరు వెనక నడవండి. ఎన్నిసార్లు ఆగారు, ఆగిన చోట కూర్చోవడానికేమైనా ఉందా, రోడ్డు దాటేటప్పుడు మీ చెయ్యి కోసం వెతికారా, చూడండి. బ్రోకర్ చెప్పే "వాకబుల్ డిస్టెన్స్" మనలాంటివాళ్ల నడకతో వేసిన లెక్క.