సీక్రెట్ లవ్ అఫైరా, ఆన్ ది వే టు ది ఎయిర్‌పోర్టా: ఏది మేలు?

కొరియన్ డ్రామాల గురించి ఎప్పుడు రాసినా ఈ ప్రశ్న వస్తూనే ఉంది. పెళ్లయిన ఆడమనిషి మనసు అనుకోకుండా మరొకరి మీదికి మళ్లే కథల్లో ఈ రెండింటిలో ఏది ముందు చూడమంటారని. రెండూ పదహారేసి ఎపిసోడ్లే. కథ చాలామందికి తెలిసే ఉంటుంది కాబట్టి ముగింపు దాచకుండానే మాట్లాడతాను.

‘ఎయిర్‌పోర్ట్’ (2016) మెత్తగా సాగుతుంది. ఎయిర్‌హోస్టెస్ సూ ఆ, ఆర్కిటెక్చర్ పాఠాలు చెప్పే దో వూ. మలేషియాలో చదివే వీళ్ల ఆడపిల్లలు రూమ్మేట్లు. దో వూ తన బిడ్డగా పెంచుకున్న ఆనీ చనిపోతుంది. ఆ దుఃఖంలోనే ఇద్దరికీ మాట కలుస్తుంది. ఏమీ ఆశించకూడదు, తాకకూడదు, విడిపోకూడదు అని మూడు షరతులు పెట్టుకుంటారు. మూడోది పెట్టుకున్నాక మొదటి రెండూ ఎన్నాళ్లు నిలుస్తాయో చూసేవాళ్లకు అప్పుడే అర్థమైపోతుంది.

అయితే ఇలాంటి కథల్లో నేను ముందు చూసేది, ఇంట్లో ఉన్న భర్తనో భార్యనో ఎలా రాశారన్నది. సూ ఆ భర్త పైలట్. ఇంట్లోనూ ఆయనే కెప్టెన్, కూతుర్ని మలేషియా పంపాలని ఆయనే తేల్చేస్తాడు. పైగా భార్య స్నేహితురాలితో పాత కథ ఉంది. అటు దో వూ భార్య బిడ్డ విషయంలోనే అబద్ధాలాడింది. ఇక ఈ ప్రేమను కాదనడానికి మనకేం మిగిలింది? కథ మన చేత ముందే ఊ కొట్టించేసుకుంది.

‘సీక్రెట్ లవ్ అఫైర్’ (2014)లో ఆ వెసులుబాటు లేదు. కథానాయిక హే వన్ భర్త పియానో ప్రొఫెసర్. అసూయ, చిన్నపిల్లాడి మంకు, తన పేరు గురించిన బెంగ ఉన్నవాడు, అంతే. అసలు చిక్కంతా ఆమెలోనే ఉంది. డబ్బున్న కుటుంబం నడిపే ఆర్ట్స్ ఫౌండేషన్‌లో వాళ్ల గుట్టు మోస్తూ, దొంగలెక్కలు సర్దుతూ నలభై ఏళ్లకు అంత ఎత్తుకు వచ్చింది. ఇరవై ఏళ్ల కొరియర్ కుర్రాడు సన్ జేతో ఒకే పియానో ముందు కూర్చుని, షూబర్ట్ ‘ఫాంటసియా’ నాలుగు చేతులతో వాయించే ఘట్టం చూడండి. ప్రేమ మాట ఒక్కటీ లేదు. ఒకరి ఊపిరికి ఒకరు తాళం పట్టుకోవడమే. అయిపోయాక ఆమె అతని బుగ్గ గిల్లి, ఇది నా ప్రత్యేకమైన మెచ్చుకోలు అంటుంది. పెద్దరికం నిలబెట్టుకోవాలని చూస్తుంది గానీ హే వన్‌గా నటించిన కిమ్ హీ ఏ ముఖం అంతా చెప్పేస్తుంది.

అక్కణ్ణుంచి ఆమెకు తన బతుకే కొత్తగా కనబడి రోత పుడుతుంది. చివరికి చేసిన తప్పులన్నీ తనే ఒప్పుకుని జైలుకెళ్తుంది. కుర్రాణ్ణి నిందించదు, భర్తను సాకుగా చూపదు. నాకు ఈ డ్రామా మీద గౌరవం అందుకే.

ఇంకో సంగతి. ఇది ప్రసారమైన నాటికి కొరియాలో వివాహేతర సంబంధం నేరం, రెండేళ్ల దాకా జైలు. అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం 2015 ఫిబ్రవరిలో ఆ చట్టాన్ని కొట్టేసింది (మన సుప్రీంకోర్టు 497వ సెక్షన్ కొట్టేసింది 2018లో). ‘ఎయిర్‌పోర్ట్’ ఆ తర్వాత వచ్చింది.

హే వన్‌కూ సన్ జేకూ మధ్య ఇరవై ఏళ్ల తేడా ఇబ్బందిగా ఉందని కొందరన్నారు. మన సినిమాల్లో హీరో వయసు హీరోయిన్‌కు రెట్టింపున్నా ఇంతమంది అడగరు.

‘ది వరల్డ్ ఆఫ్ ది మ్యారీడ్’ (2020) సంగతీ అడుగుతున్నారు. బ్రిటిష్ ‘డాక్టర్ ఫోస్టర్’కు రీమేక్, బాగుంటుంది. కానీ అది మోసపోయిన భార్య కథ. ఆకర్షణ ఎలా పుట్టిందో అందులో దొరకదు.

మనసు బరువుగా ఉండి నెమ్మదైన కథ కావాలనుకుంటే ‘ఎయిర్‌పోర్ట్’ పెట్టుకోండి. ఒక్కటే చూసే తీరిక ఉంటే మాత్రం ‘సీక్రెట్ లవ్ అఫైర్’. షూబర్ట్ ఘట్టం రెండో ఎపిసోడ్‌లో వస్తుంది, అది ఫోన్ స్పీకర్‌లో వినకండి, హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి.