స్టాన్లీ పార్క్ సీవాల్: సైకిల్ కన్నా నడకే మేలు

కెనడాలోని వాంకూవర్‌లో ఒక్క పూట ఖాళీ దొరికితే ఎక్కడికి వెళ్లాలని ఎవరడిగినా స్టాన్లీ పార్క్ పేరే చెబుతాను. కారులో కాదు, నడిచి. దాదాపు వెయ్యి ఎకరాల అడవి, దాని చుట్టూ నీళ్ల అంచున కట్టిన రాతిగోడ, గోడ మీద సుమారు 9 కిలోమీటర్ల దారి. దాన్నే సీవాల్ అంటారు. పార్కుకు టికెట్ లేదు, పార్కింగ్‌కు మాత్రం డబ్బు కట్టాలి. డౌన్‌టౌన్ నుంచి 19వ నంబర్ బస్సు ఉండగా కారు ఎందుకు?

పార్కు దగ్గరి డెన్మన్ స్ట్రీట్‌లో సైకిళ్లు అద్దెకిస్తారు. పార్కులో సైకిళ్లన్నీ ఒకే దిశలో వెళ్లాలి, నడిచేవాళ్లకు పక్కనే వేరే దారి ఉంది. తొందరగా చుట్టి రావాలంటే సైకిల్ బాగానే ఉంటుంది. కానీ వెనక వచ్చేవాళ్ల టెన్షన్‌తో నచ్చినచోట ఆగలేం. ఇక్కడ ఆగి చూడాల్సినవే ఎక్కువ.

తూర్పువైపు బ్రాక్టన్ పాయింట్ దగ్గర టోటెమ్ స్తంభాలు, అంటే ఆదివాసుల సంప్రదాయంలో బొమ్మలు చెక్కిన ఎత్తైన చెక్క స్తంభాలు ఉన్నాయి. టూర్ బస్సులన్నీ అక్కడే ఆగుతాయి కాబట్టి పొద్దున్నే వెళ్తేనే ప్రశాంతంగా చూడగలం. ఇంకాస్త ముందుకు వెళ్తే దుంగలతో కట్టిన కమాను, లంబర్‌మన్స్ ఆర్చ్. అక్కడ ఒకప్పుడు ఆదివాసుల ఊరుండేది. 1888లో పార్కు తెరిచినప్పుడు, వాళ్లు తరతరాలుగా తిని పోసిన ఆల్చిప్పల గుట్టలను తవ్వి రోడ్డుకు పరిచారు. ఇది తెలిశాక ఆ పచ్చిక మీద ఊరికే ఫొటోలు దిగి వచ్చేయలేకపోయాను.

నన్ను కట్టిపడేసింది మాత్రం లయన్స్ గేట్ వంతెన దాటాక వచ్చే పడమటి వైపు. 1938లో కట్టిన ఆ వంతెన కిందుగా సరుకు ఓడలు వెళ్తుంటాయి. ఒకవైపు కొండ, ఒకవైపు సముద్రం, మధ్యలో మనం. ఆటు సమయంలో గోడ పక్కన వంగి చూస్తే గ్రానైట్ రాళ్ల అడుగు వరుసలకు నాచు, దాని మీద గరుకుగా అంటుకున్న గుల్లలు కనిపిస్తాయి. జేమ్స్ కనింగ్‌హామ్ అనే తాపీ మేస్త్రీ దశాబ్దాల పాటు ఈ గోడ పనిలోనే ఉన్నాడు. 1917లో మొదలైన పని 1980లో గానీ పూర్తి కాలేదు, అప్పటికి ఆయన లేడు. సివాష్ రాక్ దగ్గర ఆయన పేరుతో ఫలకం ఉంది. తలమీద చిన్న చెట్టుతో నీళ్లలో ఒంటరిగా నిలబడ్డ ఆ బండను ఎంతసేపు చూసినా తనివి తీరలేదు.

ఈ భాగంలో నీళ్లు, టీ దొరుకుతాయని ఆశపడొద్దు. థర్డ్ బీచ్ చేరేదాకా సరిపడా నీళ్లు సీసాలో ఉండాలి. థర్డ్ బీచ్‌లో టాయిలెట్లు ఉన్నాయి, సెకండ్ బీచ్‌లో సముద్రం పక్కనే ఈతకొలను ఉంది. పెద్దవాళ్లుంటే మొత్తం చుట్టు పెట్టుకోకుండా ఇంగ్లిష్ బే నుంచి థర్డ్ బీచ్ దాకా వెళ్లి వస్తే చాలు, దారంతా చదునే.

బస పార్కు పక్కనే ఉన్న వెస్ట్ ఎండ్ పేటలో చూసుకోండి. వేసవిలో గదుల ధరలు బాగా ఎక్కువే, అయినా పార్కుకు నడిచే వెళ్లొచ్చు కాబట్టి నాకు అది దండగ అనిపించలేదు. జూన్, జూలైలో రాత్రి తొమ్మిది దాకా వెలుతురుంటుంది, సాయంత్రం భోంచేసి కూడా బయల్దేరవచ్చు. చలికాలంలో వెళ్లేవాళ్లు మాత్రం ముందే కనుక్కోవాలి. తుపాను గాలులు, పెద్ద పోటు కలిసి వచ్చినప్పుడు అలలు గోడ మీదికి ఎగసిపడి, కొన్ని భాగాలు మూసేస్తారు.