17 అంగుళాల చక్రాలకి పాత గాలి చాలదు: 28 వేల కిలోమీటర్ల వాడకం తరవాత

కారుతో వచ్చినవి 185/65 ఆర్15 టైర్లు, అంటే వెడల్పు 185 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో 65 శాతం, రిమ్ము 15 అంగుళాలు. వాటిని తీసేసి 17 అంగుళాల అల్లాయ్‌లు, 205/45 ఆర్17 టైర్లు వేసి 28 వేల కిలోమీటర్లు తిప్పాక రాస్తున్న సమీక్ష ఇది. అల్లాయ్‌ల అందం చూసేవాళ్ల ఇష్టం, దాని గురించి చెప్పేదేం లేదు. చిక్కంతా గాలి దగ్గరే. డ్రైవర్ డోర్ దగ్గరి స్టిక్కర్ 33 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) అంటుంది. టైరు షాపులో 32 కొడతారు. బంకులో గాలి పట్టే కుర్రాడు 35 చాలంటాడు. టైరు పక్కగోడ మీద చూస్తే 51 అని ఉంటుంది. ఈ నాలుగింటిలో ఏదీ ఈ టైరుకి సరైన అంకె కాదు.

ముందు ఆ 51 సంగతి. అది ఆ టైరు తట్టుకోగల గరిష్ఠ గాలి, అంతే. అంత పట్టమని కాదు. ఇక స్టిక్కర్ మీది 33 తప్పు కాదు గానీ, అది కంపెనీ బిగించిన సైజుకి రాసింది. టైరు మారితే లెక్క మళ్లీ వేసుకోవాలి. ఆ లెక్కకి కావాల్సినవి పక్కగోడ మీదే ఉంటాయి: సైజు తరవాత వచ్చే లోడ్ ఇండెక్స్ అంకె (టైరు ఎంత బరువు మోయగలదో చెప్పే కోడ్), దాని పక్కన ఎక్స్‌ఎల్ (ఎక్స్‌ట్రా లోడ్) అన్న అక్షరాలు ఉన్నాయా లేవా అన్నది.

పాత టైరు లోడ్ ఇండెక్స్ 88, అంటే 560 కిలోలు. కొత్త 17 అంగుళాల టైరుదీ 88 ఎక్స్‌ఎల్, అదే 560 కిలోలు. అంకె ఒకటే కదా, గాలీ ఒకటే పెడదాం అనుకుంటారు చాలామంది. పొరపాటు అక్కడే. మామూలు టైరు ఆ 560 కిలోలని 36 పీఎస్‌ఐ దగ్గర మోస్తుంది. ఎక్స్‌ఎల్ టైరు అదే బరువు మోయాలంటే 42 కావాలి. ఎక్స్‌ఎల్ అంటే గట్టి టైరు, గాలి తక్కువున్నా పర్లేదు అని షాపుల్లో చెప్పే మాట తలకిందులు వ్యవహారం.

యూరప్ టైరు ప్రమాణాల సంస్థ ఈటీఆర్‌టీవో పద్ధతిలో లెక్క ఇలా. 33ని 36తో భాగించి, 0.8 ఘాతానికి పెంచి, 560తో గుణిస్తే 33 దగ్గర పాత టైరు మోసేది వస్తుంది, సుమారు 522 కిలోలు. దాన్ని కొత్త టైరు గరిష్ఠ బరువుతో భాగించి, వచ్చిన దాన్ని 1.25 ఘాతానికి పెంచి, మామూలు టైరైతే 36తో, ఎక్స్‌ఎల్ అయితే 42తో గుణించాలి. ఫోన్‌లో కాలిక్యులేటర్ అడ్డంగా తిప్పితే ఘాతం బటన్ కనిపిస్తుంది. 205/45 ఆర్17 88 ఎక్స్‌ఎల్‌కి వచ్చేది 38.5. ఒక్క అంగుళమే పెంచి 195/55 ఆర్16 87 వేస్తే 34 చాలు. అందులోనే 91 ఎక్స్‌ఎల్ రకం దొరికినా దాదాపు అంతే వస్తుంది. 205/45 ఆర్17లో ఎక్స్‌ఎల్ కాని 84 రకం కూడా అమ్ముతారు. అది మోసేదే 500 కిలోలు, కాబట్టి ఎంత గాలి పట్టినా 522కి అందుకోదు. చవకగా వస్తోందని తీసుకోవద్దు. మీ స్టిక్కర్ మీద 33 బదులు వేరే అంకె ఉంటే దానితోనే మొదలెట్టండి. ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ వేరువేరుగా ఉంటే రెండు లెక్కలూ వేయాలి.

33 పెడితే వెంటనే కొంప మునుగుతుందా అంటే, లేదు. ఆ గాలికి ఎక్స్‌ఎల్ టైరు 462 కిలోలు మోస్తుంది. చిన్న హ్యాచ్‌బ్యాక్ ఐదుగురితో నిండినా ఒక్కో చక్రం మీద అంత పడదు. పోయేది వేగానికీ గుంతలకీ ఉంచుకున్న మిగులు. పాత టైరు పక్కగోడ ఎత్తు 120 మిల్లీమీటర్లు, 17 అంగుళాల దానిది 92. గుంత అంచు తగిలినప్పుడు టైరు నలిగి రిమ్ముకి తగిలేలోగా ఉన్న జాగా అదే. గాలి తక్కువైతే దారాలు తెగి పక్కగోడ బుడగలా ఉబ్బుతుంది. దానికి ప్యాచ్ ఉండదు, టైరు మార్చడమే.

అరుగుదల కూడా ఇదే చెప్పింది. మొదటి 8 వేల కిలోమీటర్లు 33తో తిరిగితే రెండు అంచులూ మధ్యకంటే అర మిల్లీమీటరు పైగా ఎక్కువ అరిగాయి. 38కి మార్చాక ఆ తేడా పెరగలేదు. సుద్దముక్కతో టైరు మీద అడ్డగీత గీసి, వంద మీటర్లు నడిపి, గీత ఎక్కడ చెరిగిందో చూసే పద్ధతి రేడియల్ టైర్లకి అంతగా పనికిరాదు, లోపలి స్టీల్ బెల్టు తేడాని కప్పేస్తుంది. టైరు గాడి లోతు కొలిచే డెప్త్ గేజ్‌తో మూడుచోట్ల కొలిస్తేనే నిజం తెలుస్తుంది.

38 దగ్గర కారు గట్టిగా ఉంటుంది, దాచేదేం లేదు. స్పీడ్ బ్రేకర్ల మీద వెనక సీట్లోవాళ్లు గొణుగుతారు. ఒక్కరే ఊళ్లో తిరిగేటప్పుడు 36కి దింపితే కొంచెం నయం, హైవే ఎక్కే ముందు మళ్లీ 38. మెత్తదనం కోసం 30కి దింపేవాళ్లున్నారు. అంత మెత్తగా కావాలంటే 15 అంగుళాల చక్రాలే ఉంచుకోవాల్సింది.

కొలవడం పొద్దున్నే, బండి కనీసం మూడు గంటలు ఆగి ఉన్నాక. బంకు దూరంగా ఉంటే ఇంట్లోనే సొంత గేజ్‌తో చూసి, ఎంత తక్కువుందో గుర్తుపెట్టుకోండి. బంకులో వేడి మీద ఏ అంకె చూపించినా సరే, దానికి ఆ తేడా కలిపి పట్టించండి. హైవే మీద గంట పోయాక 4 పీఎస్‌ఐ దాకా పెరగడం మామూలే, ఎక్కువైందని వదలకూడదు. అంతకుమించి పెరుగుతుంటే పొద్దున పట్టిన గాలే తక్కువని అనుమానించాలి. వాతావరణం 5, 6 డిగ్రీలు మారితే ఒక పీఎస్‌ఐ మారుతుంది. మే నెలలో సరిచేసింది డిసెంబర్ పొద్దున 2, 3 తక్కువ చూపిస్తే పంక్చర్ కాదు. నైట్రోజన్ పట్టించినా ఇది తప్పదు. మామూలు గాలిలోనూ 78 శాతం అదే.

నెలకి ఒక పీఎస్‌ఐ తగ్గితే సహజం. ఒక చక్రమే వారానికి 2 తగ్గుతుంటే కొత్త అల్లాయ్‌లలో ముందు చూడాల్సింది వాల్వ్, తరవాత రిమ్ముకి టైరు ఆనే అంచు. సబ్బునీళ్లు పోస్తే బుడగలొస్తాయి.

ఈ టైరు వ్యాసం 616 మిల్లీమీటర్లు, పాతదానికంటే 0.8 శాతం తక్కువ. ఓడోమీటర్ అంత ఎక్కువ తిరుగుతుంది కాబట్టి మైలేజీ తగ్గలేదని సంబరపడేముందు ఆ 0.8 తీసేయండి.

మళ్లీ కొనాల్సి వస్తే 195/55 ఆర్16 వేయిస్తాను. వ్యాసం పాతదానితో మిల్లీమీటరు తేడా లేదు, పక్కగోడ 107, గాలి 34. డిక్కీలో స్టెప్నీ మాత్రం పాత 15 అంగుళాలదే ఉంటుంది. దానికి 38 కాదు, స్టిక్కర్ మీది 33 పెట్టించండి.